ఊరంతటికి వైద్యము

కరవు నేలయగు అనంతపురము జిల్లాలోని కుందుర్పి ప్రాంతమున వానలు తక్కువ. గొట్టపు బావులే ముఖ్యాధారము. ఇట్టి మెట్టసీమలలో పెక్కుచోట్ల రాతిపొరలనుండి ఫ్లోరైడు నీటిలో కరగును. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించినచో దంతములు గారపట్టును. మరింత మిక్కుటమైన నీటిని ఏండ్ల తరబడి త్రాగినచో ఎముకలు వంగిపోవును.

నాటి నెల్లూరు జిల్లాలో ఈ వ్యాధిని పరిశీలించిన వైద్యులు 1937లో నీటియందే దోషమున్నదని వెల్లడించిరి. తరువాత నాగపూరు శాస్త్రజ్ఞులు పటిక, సున్నములతో ఆ నీటిని శుద్ధిచేయు ‘నల్లగొండ పద్ధతి’ని రూపొందించిరి.

వంగిన ఎముకను ఏ మందును చక్కజేయజాలదు. కావున కారణమును కనుగొనుటతో పరిశోధకుని పని ముగియదు. ఆ సత్యమును పాలకులకు నచ్చజెప్పి, ఊరికి మంచినీరు వచ్చువరకు అతడు పాటుపడవలెను. వైద్యుడు రోగిని బాగుచేయును. ప్రజారోగ్య సేవకుడు రోగమే రాకుండ ఊరిని కాపాడును. మీలో కొందరైనను ఈ వృత్తిని చేపట్టుదురుగాక!