కుమ్మరి సారె నేర్పే పాఠం

ఎండాకాలం రాగానే మన ఊళ్ళలో రోడ్డు పక్కన రంజన్లు వరుసగా కనిపిస్తాయి. బేరమాడి కొంటాము, ఇంటికి తెచ్చి చల్లని నీళ్ళు తాగుతాము. ఆ కుండను చేసిన చేతులను గురించి ఎంతమందిమి ఆలోచించాము? ఈ వారం కుమ్మరి పనిని కొంచెం దగ్గరగా చూద్దాం.

నల్లగొండ, పాలమూరు మెట్టనేలల్లో వానలు తక్కువ. పడిన వాన చెరువులోకి మోసుకొచ్చే మెత్తని ఒండ్రుమట్టే కుమ్మరికి ఆధారం. చెరువు ఎండినప్పుడు మట్టి తవ్వి తెచ్చుకుంటాడు. దాన్ని ఎండబెట్టి, దంచి, జల్లెడ పట్టి, నానబెట్టి, కాళ్ళతో తొక్కుతాడు. ఈ పనిలో ఇంటిల్లిపాదీ చెయ్యి వేస్తారు. మట్టి మరీ జిగటగా ఉంటే ఆరేటప్పుడు పగులుతుంది. అందుకే ఇసుకో, బూడిదో కలుపుతాడు. ఎంత కలపాలో ఏళ్ళ తరబడి తొక్కిన కాలికే తెలుస్తుంది. సారె మీద లేచిన కుండకు లోపల గుండు ఆనించి, బయట చెక్కతో తడుతూ అడుగు మూస్తాడు. మబ్బు పడితే కుండలు ఆరవు. తడి ఆరని కుండ ఆవంలో నిలవదు. మట్టి, నీరు, ఎండ, నిప్పు తన మాట వినవనీ, వాటి మాట తానే వినాలనీ కుమ్మరికి తెలుసు.

ఈ విద్య మన నేలకు కొత్తది కాదు. పాత మహబూబ్‌నగర్ జిల్లాలోని ఉట్నూరులో 1957లో పురాతత్త్వవేత్త ఆల్చిన్ తవ్వకాలు జరిపారు. అక్కడ పశువులను కాచుకుని బ్రతికిన నవీన శిలాయుగపు మనుషులు ఎక్కువగా చేతితోనే కుండలు చేసుకున్నారు. తరువాతి కాలంలో సారె వచ్చింది. బృహత్ శిలాయుగపు సమాధుల్లో లోపల నలుపు, బయట ఎరుపు ఉన్న కుండలు దొరికాయి. కుండను బోర్లించి కాల్చడం వల్ల ఆ రంగులు వచ్చాయని పండితులు చెబుతారు. అలాంటి సమాధులు బయటపడిన నల్లగొండ జిల్లా ఏలేశ్వరం ఇప్పుడు నాగార్జునసాగర్ నీటిలో మునిగి ఉంది.

యిర్మీయా గ్రంథం 18వ అధ్యాయంలో ప్రవక్త కుమ్మరి ఇంటికి వెళ్తాడు. చేతిలో చెడిన కుండను కుమ్మరి పారవేయడు. అదే మట్టితో మరో పాత్ర చేస్తాడు. 19వ అధ్యాయంలో ప్రవక్త ఒక మట్టి కూజాను జనం ఎదుట పగలగొడతాడు. అది ఇక అతకదు. ఈ తేడా మన ఊరి కుమ్మరికి బాగా తెలుసు. పచ్చికుండ విరిగితే నానబెట్టి మళ్ళీ సారె మీద పెట్టవచ్చు. సుమారు 600 డిగ్రీల వేడి తగిలాక మట్టి స్వభావమే మారిపోతుంది. ఆ తర్వాత ఎన్నాళ్ళు నానినా మెత్తబడదు.

కుమ్మరి వృత్తి కూడా ఇలాగే సారె మీద ఉంది. అల్యూమినియం, స్టీలు, ప్లాస్టిక్ వచ్చి వంటకుండను, నీళ్ళకడవను ఇంట్లోంచి పంపించాయి. అయినా కుమ్మరి చేయి ముడుచుకుని కూర్చోలేదు. కుళాయి అమర్చిన రంజన్లు, పూలకుండీలు, ప్రమిదలు చేస్తున్నాడు. కొందరు కరెంటు మోటారుతో సారె తిప్పుతున్నారు. మట్టి అదే, రూపం మారింది. కాని కొనేవారు లేకపోతే ఎంత నేర్పున్నా ఆ ఇంటి పిల్లవాడు సారె దగ్గర కూర్చోడు. ఒక తరం నేర్చుకోకుండా వదిలేస్తే, మట్టి తొక్కిన కాలికి తెలిసిన కొలతను మళ్ళీ ఎవరు చెప్పగలరు? పచ్చిగా ఉన్నప్పుడే కుండను దిద్దాలి. వృత్తి విషయంలోనైనా, మన పిల్లల విషయంలోనైనా అంతే.

కుటుంబంలో మాట్లాడుకోండి:

1. మన ఊరి కుమ్మరి ఇంటికి పిల్లలను ఎప్పుడైనా తీసుకువెళ్ళామా?

2. దుకాణంలో చెప్పిన ధర ఇచ్చే మనం, రంజను దగ్గర మాత్రం ఎందుకు బేరమాడుతున్నాము?

3. మన ఇంట్లో ఇంకా పచ్చిగా ఉన్న, ఇప్పుడే దిద్దుకోవలసిన విషయం ఏది?