మోదుగు పువ్వును కేసరాలతో సహా గీయగలరా?

మోదుగు పువ్వును చూడగానే ఆ కాషాయపు రంగు కాగితం మీద వేయాలని ఎవరికైనా అనిపిస్తుంది. దాన్ని విప్పి చూసి, పది కేసరాల్లో తొమ్మిది కట్టగా అతుక్కుని ఉన్నాయని, ఒకటి విడిగా ఉందని గమనించి, ఉన్నది ఉన్నట్టు గీసేవాళ్లు మాత్రం తక్కువ. కొత్త జాతిని వర్ణించే పరిశోధకులకూ, ఫీల్డ్ గైడ్ వేసే ప్రచురణకర్తలకూ కావలసింది వాళ్లే. ఫొటో ఉండగా బొమ్మ ఎందుకని అడుగుతారు. ఫొటోలో పడేది ఒక్క మొక్క, ఒక్క రోజు. బొమ్మలో మొగ్గ, పువ్వు, కాయ, గింజ ఒకే పేజీలో కుదురుతాయి. పురుగు కొట్టిన ఆకును పక్కన పెట్టి, ఆ జాతి లక్షణాన్నే చూపించవచ్చు.

మన తీరానికి మొక్కల బొమ్మలు గీసే ఈ వృత్తి పాతదే. సామర్లకోటలో పనిచేసిన వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్ స్థానిక చిత్రకారులతో మొక్కల బొమ్మలు వేయించాడు. వాటిలో 300 బొమ్మలు కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథంగా 1795 నుంచి 1820 వరకు లండన్‌లో అచ్చయ్యాయి. ఆ చిత్రకారుల పేర్లు మనకు దక్కలేదు. తర్వాతి తరంలో మద్రాసులో వృక్షశాస్త్రవేత్త రాబర్ట్ వైట్ దగ్గర పనిచేసిన రంగయ్య, గోవిందుల పేర్లు నిలిచాయి. వైట్ ఒక ఆర్కిడ్ ప్రజాతికి గోవిందు పేరే పెట్టాడు.

ఈ పనిలోకి రావాలనుకుంటే ముందు ఇంకుతో గీయడం నేర్చుకోండి. పరిశోధన పత్రికల్లో కొత్త జాతుల బొమ్మలు ఎక్కువగా నలుపు తెలుపుల్లోనే వస్తాయి. నీడను రుద్ది కాదు, చుక్కలు పెట్టి చూపాలి. 0.1, 0.3 మి.మీ. పెన్నులు చాలు, కానీ ఇంకు నీటికి చెదరనిదై ఉండాలి. లేకపోతే పైన వాటర్‌కలర్ వేయగానే గీత కరిగి పారుతుంది.

వాటర్‌కలర్ పారదర్శకం. అందులో వెలుగంటే కాగితపు తెలుపే, దాన్ని మొదటి నుంచీ కాపాడుకోవాలి. సన్నని ఈనెలు గీయాలంటే 300 జీఎస్‌ఎం హాట్ ప్రెస్ కాటన్ కాగితం మేలు. గరుకు కాగితం మీద గీత తెగిపోతుంది.

గువాష్ అనేది పారదర్శకం కాని నీటిరంగు, కింది రంగును కప్పేస్తుంది. పాలపిట్ట రెక్కలో ముదురు నీలం మీద లేత నీలపు పట్టీ వేయడానికి, ఆకు మీది తెల్లటి నూగు చూపడానికి దానికి సాటి లేదు. ఒక చిక్కుంది: ఆరాక లేత రంగులు కాస్త ముదురుతాయి, ముదురు రంగులు కాస్త తేలిపోతాయి. విడి కాగితం ముక్క మీద వేసి, పూర్తిగా ఆరనిచ్చి చూశాకే బొమ్మ మీద వేయండి. ఇంకు, వాటర్‌కలర్, గువాష్ మూడూ కలిసిన పలక (బొమ్మ పేజీ) చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

చదువు సంగతికొస్తే, ఇంటర్ బైపీసీ వాళ్లకు ఈ పనిలో పెద్ద మొగ్గుంది, వాళ్లు దాన్ని గుర్తించరు. రికార్డు బొమ్మల్ని పుస్తకం చూసి దించడం మానేసి అసలు నమూనా చూసి గీస్తే శిక్షణ మొదలైనట్టే. నా అభిప్రాయంలో బోటనీ లేదా జువాలజీ డిగ్రీ చదువుతూ బొమ్మ సాధన చేయడం మంచి దారి. చిత్రకళే చదవాలనుకుంటే హైదరాబాద్‌లో జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ (జేఎన్‌ఏఎఫ్‌ఏయూ), విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉన్నాయి. అప్పుడు మొక్కల శాస్త్రం మీరే నేర్చుకోవాలి. బొటానికల్ సర్వే ఆఫ్ ఇండియా దక్కన్ కేంద్రం హైదరాబాద్‌లోనే ఉంది. ముందుగా అనుమతి అడిగి, హెర్బేరియంలో ఎండబెట్టిన మొక్కల నమూనాలు ఎలా భద్రపరుస్తారో చూడండి.

నెలజీతపు ఉద్యోగాలు అరుదు, ఆ ఆశతో రావద్దు. పరిశోధకుల పత్రాలు, పిల్లల పుస్తకాలు, పార్కుల సమాచార బోర్డులు, ఇలా విడివిడిగానే పని దొరుకుతుంది. పోర్ట్‌ఫోలియోలో అందమైన ప్రకృతి దృశ్యాల కన్నా, జాతి పేరు, సేకరించిన చోటు, తేదీ, స్కేలు గీత ఉన్న పలకలు కొన్ని పెట్టండి. చూసేవాళ్లు మొదట ఆ స్కేలు గీత కోసమే వెతుకుతారు.

పని ఒప్పుకునే ముందు కాగితం రాయించుకోండి. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, డబ్బిచ్చి వేయించుకున్న చిత్రానికి వేరే ఒప్పందం లేకపోతే మొదటి హక్కుదారు వేయించుకున్నవారే. బొమ్మను ఎక్కడెక్కడ, ఎన్నిసార్లు వాడుకోవచ్చో, మీ పేరు ఎక్కడ వేయాలో, అసలు పలక ఎవరి దగ్గర ఉంటుందో అడ్వాన్సు తీసుకునే ముందే తేల్చుకోండి.