బందరు గాలికి బండి తుప్పు పట్టకుండా

చిరంజీవి అల్లుడికి,


బెజవాడలో ఉన్నన్నాళ్లూ తళతళలాడిన బండి, బందరుకు మకాం మార్చాక మొదటి చలికాలంలోనే సైలెన్సర్ మీద ఎర్ర చుక్కలు వేసిందని రాశావు. ఒక్క వానైనా పడలేదే అని ఆశ్చర్యపోయావు కూడా. తుప్పుకు వాన అక్కర్లేదు.

మంచు కురిసే దేశాల్లో చలికాలం రోడ్ల మీద పేరుకున్న మంచు కరగడానికి ఉప్పు చల్లుతారు. అక్కడి మోటార్ సైకిళ్లను తినేసేది ఆ ఉప్పే. కృష్ణా డెల్టాలో ఆ పని సముద్రం చూసుకుంటుంది. మంగినపూడి అలల మీంచి లేచిన సన్నటి తుంపర గాలిలో కొట్టుకొచ్చి దొరికిన ఇనుము మీదల్లా వాలుతుంది. గిలకలదిండి హార్బరు నుంచి చేపల బళ్లు దారి పొడుగునా కార్చుకుంటూ పోయే నీళ్లు దానికి తోడు. దాళ్వా పంట రోజుల్లో ఎరువుల బస్తాను బండి మీదే పొలానికి చేరవేసే రైతుకు ఇంకో చిక్కు ఉంది. పొటాష్ కూడా ఉప్పులాగే క్లోరైడే. బస్తా చిల్లులోంచి రాలిన పిడికెడు మడ్‌గార్డ్ సందులో ఉండిపోతే చాలు.

అసలు కథ రాత్రి నడుస్తుంది. గాలిలో తేమ 75 శాతం దాటితే మామూలు ఉప్పు తనంతట తానే నీటిని పీల్చుకుని కరుగుతుంది. కార్తీకం నుంచి సంక్రాంతి దాకా డెల్టాలో చాలా రాత్రులు తేమ ఆ గీత దాటుతుంది. పైగా ఆరుబయట ఉన్న లోహం గాలికంటే త్వరగా చల్లబడి మంచుతో తడుస్తుంది. తెల్లారేసరికి బండి మొత్తం పలచటి ఉప్పునీటి పొర. ఎండెక్కాక నీరు పోతుంది, ఉప్పు మిగులుతుంది, రాత్రికి మళ్లీ తడుస్తుంది. పలచటి పొరలోకి ప్రాణవాయువు సులువుగా చేరుతుంది కాబట్టి, ఇలా తడిసి ఆరి తడిసే ఇనుము నీళ్లలో పూర్తిగా మునిగి ఉన్న ఇనుముకంటే వేగంగా తుప్పు పడుతుంది.

కాబట్టి చలికాలంలో బండి కడగడమంటే ముందు ఉప్పు వదిలించడం. బురద కనిపించకపోయినా వారానికోసారి కడగాల్సిందే. ఏ నీళ్లతో అన్నదే అసలు ప్రశ్న. తీరం వైపు ఊళ్లలో బోరు నీళ్లు చాలాచోట్ల ఉప్పగా ఉంటాయి. వాటితో కడిగి వదిలేస్తే ఆరాక ట్యాంకు మీద తెల్ల మచ్చలు తేలతాయి. వదిలించాల్సిన ఉప్పునే మళ్లీ పూసినట్టు. కుళాయి నీళ్లో, బందరు కాలువ నీళ్లు బకెట్లో తేర్చుకునో వాడాలి. బోరు నీళ్లే గతి అయితే చివర్లో ఒక్క బకెట్ మంచినీళ్లయినా పొయ్యాలి.

ఇంజన్ చల్లారాకే నీళ్లు పడాలి. మొదట గుడ్డ పెట్టి రుద్దకూడదు, ఇసుక రంగును గీకేస్తుంది, మట్టి నానాలి. బట్టల సబ్బు పొడిలో క్షారం ఉంటుంది, అది అల్యూమినియాన్ని మసకబారుస్తుంది, రంగు మీది మైనపు పొరనూ ఊడగొడుతుంది. బండ్ల షాంపూ చాలు. చూపంతా ట్యాంకు మీద కాదు, కింద ఉండాలి: మడ్‌గార్డ్ లోపలి అంచు, సైడ్ స్టాండ్ స్ప్రింగు, స్పోకులు రిమ్ములో దిగేచోటు, సైలెన్సర్ అడుగు. తుప్పు మొదలయ్యేది అక్కడే.

వాటర్ సర్వీసింగ్ షెడ్డులో పని తొందరగా అవుతుంది, నిజమే. కానీ అక్కడి నీటి గన్నుతో చక్రాల బేరింగుల మీదికీ, హ్యాండిల్ కింద కోన్ సెట్ మీదికీ దగ్గరగా కొడితే నీరు సీళ్లను దాటి గ్రీజులోకి దూరుతుంది. కడిగాక డీజిల్ కొట్టమంటావా అని అడుగుతారు. వద్దనాలి. ఆ మెరుపు సాయంత్రానికి దుమ్ము పట్టి నల్లబడుతుంది, రబ్బరు ఉబ్బుతుంది, బ్రేకు డిస్కు మీద పడితే బ్రేకే పట్టదు.

సాయంత్రం కడగడం మంచిది కాదు. పొద్దున కడిగి, గుడ్డతో తుడిచి, నాలుగైదు మైళ్లు తిప్పాలి, దారిలో బ్రేకులు మెల్లగా నొక్కుతూ. ఇందులో సైలెన్సర్‌కూ మేలుంది. లీటరు పెట్రోలు కాలితే దాదాపు లీటరు నీరు పుట్టి ఆవిరిగా పోతుంది. పాల ప్యాకెట్టుకని వీధి చివరికి వెళ్లి వచ్చే బండిలో సైలెన్సర్ పూర్తిగా వేడెక్కదు. ఆవిరి లోపలే నీరై, లోపలినుంచే చిల్లి పెడుతుంది.

ఆరాకే పూత. ట్యాంకుకూ క్రోముకూ మైనం పాలిష్, బోల్టు తలలకు గుడ్డతో అద్దిన ఇంజనాయిల్, బ్యాటరీ టెర్మినళ్లకు వేజలీన్. డిస్కుకూ టైర్లకూ ఏదీ తగలకూడదు. చైన్‌కు 90 నంబరు గేరాయిల్ చాలు. రబ్బరు రింగులున్న చైన్‌ను మాత్రం పెట్రోలుతో కడగొద్దు, రింగులు పాడవుతాయి. నీ సైలెన్సర్ మీది ఎర్ర చుక్కలకు బెంగ అక్కర్లేదు: వంటింటి అల్యూమినియం రేకును నలిపి, తడిపి, సున్నితంగా రుద్దితే పోతాయి. క్రోముకంటే అల్యూమినియం మెత్తన, గీతలు పడవు. వెంటనే మైనం పట్టించు.

మంచినీరైతే ఏమీ కాదనుకోకు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగు పొంగి బెజవాడ సింగ్‌నగర్, పాయకాపురం వీధుల్లో బళ్లు రోజుల తరబడి మునిగాయి. ప్రభుత్వం ద్విచక్ర వాహనానికి 3,000 రూపాయలు ప్రకటించింది. ఇంజన్ విప్పితే అది ఏ మూలకూ చాలదు. మునిగిన బండికి కిక్కు కొట్టడమే పెద్ద తప్పు. గాలిని నొక్కితే కుంచించుకుపోతుంది, నీరు కుంచించుకోదు. సిలిండర్లో నీరుంటే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ముందు ప్లగ్గు విప్పి నీరు పోనివ్వాలి. ఆయిల్ తెల్లగా మజ్జిగలా కనిపిస్తే నీరు కలిసినట్టే, మార్చాలి. పెట్రోలూ పూర్తిగా తీసెయ్యాలి: ఇప్పటి 20 శాతం ఇథనాల్ పెట్రోలులో నీరు ఎక్కువగా చేరితే ఇథనాల్ ఆ నీటితో కలిసి ట్యాంకు అడుగుకు దిగిపోతుంది.

ఇక కవరు. నువ్వు కొన్న ప్లాస్టిక్ కవరు వాన రాత్రులకు పనికొస్తుంది. రోజూ కప్పితే లోపల చెమ్మ చేరి బయటికి పోదు. వరండాలో చోటుంటే బండిని అక్కడ పెట్టి, పాత నూలు దుప్పటి కప్పు. ఎండ రాగానే తీసెయ్యి.


మామయ్య
విజయవాడ