సెలవులలో పుస్తక పఠనము

వేసవి సెలవులు వచ్చినవనగానే బాలబాలికలకు పట్టరాని సంతోషము కలుగును. పాఠ్యపుస్తకములు అటుక నెక్కును. ఆటలకు, మామిడితోటలకు, అమ్మమ్మగారి యూరికి ఆ దినములు తగినవే. ఐనను చదువును పూర్తిగా విడువరాదు. వాడని కొడవలికి త్రుప్పు పట్టును. చదువును మానినవారి గతియు నట్టిదే. ఏప్రిలులో ధారాళముగ చదివినవారే జూనులో బడి తెరచునప్పటికి పదము పదమునకు ఆగుచుందురు.

"మా యింట పుస్తకములు లేవే!" అని కొంద రందురు. ఈ కొఱతను మన పెద్దలు ఏనాడో గుర్తించిరి. 1914లో బెజవాడయందు ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము ఏర్పడెను. 1935లో పాతూరి నాగభూషణముగారు పడవనే గ్రంథాలయముగ జేసి, పెదవడ్లపూడి, కొల్లిపరల నడుమ కాలువ వెంబడి నున్న పల్లెలకు పుస్తకములు పంపిరి. పాఠకుడు రాలేనిచోట పుస్తకమే పాఠకుని కడకు పోయినది.

విద్యార్థులారా! నేడు మీరు పడవకై ఎదురుచూడ నక్కరలేదు. సమీపమున శాఖాగ్రంథాలయమున్నచో అచటికి పొండు. లేనిచో బడి మూయుటకు ముందే ఉపాధ్యాయుల నడిగి రెండు పుస్తకములు తెచ్చుకొనుడు. కథలైనను, యాత్రలైనను, జీవితచరిత్రలైనను మీకు నచ్చినవే చదువుడు. సెలవులు సుమారు నెలన్నర. దినమునకు 5 పుటలు చదివినను 45 దినములలో 225 పుటలు పూర్తియగును. ఆటలకు లోటుండదు.

చదివిన కథను సాయంకాలము ఇంటనున్న అవ్వకో, చిన్న తమ్మునికో చదివి వినిపింపుడు. ఒక్క పుస్తకము ఇద్దరికి ఉపకరించును. మీ పఠనమును చక్కబడును.