నెమ్మదిగా నడిచేవాళ్లే ముందు

విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర ఏ దిక్కు చూసినా ర్యాంకులే. ఫలితాలు వచ్చిన వారంలో అయితే చెప్పనక్కర్లేదు. హోర్డింగుల నిండా పిల్లల ఫొటోలు, వాటి కింద అంకెలు. వ్యక్తిత్వ వికాసం అని మనం అనుకునేది కూడా చాలావరకు ఈ బాపతే. ముందుండాలి, నడిపించాలి, పదిమందిలో మన మాట చెల్లాలి. అక్కరకొచ్చే గుణాలే, కాదనను. కానీ తెలిసినవాడి వెనక నడవడం, మనకన్నా నెమ్మదస్తుల అడుగుకు మన అడుగు కలపడం కూడా మనిషికి కావాలి. అవి ఏ క్లాసులోనూ చెప్పరు. రాత్రిపూట కొండ దారి మాత్రం ఒక్క పూటలో నేర్పుతుంది. అందుకే మా ఊరి కుర్రకారుకీ పెద్దలకీ ఒక్కసారైనా వంజంగి వెళ్లిరండని చెబుతుంటాను.

వంజంగి పాడేరు పక్కనే ఉంటుంది. 2022లో ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాకు పాడేరే కేంద్రం. రాత్రి బెంజ్ సర్కిల్‌లో బండెక్కితే హనుమాన్ జంక్షన్, ఏలూరు, రాజమండ్రి, తుని దాటాక నర్సీపట్నం వైపు తిరుగుతాం. అక్కణ్నుంచి ఘాట్ రోడ్డు, లంబసింగి చలి. మర్నాడు రాత్రి కొండ కింద టెంట్లలో పడుకుని, తెల్లవారకముందే లేచి ఎక్కాలి. వేళ తప్పితే వెళ్లిన పని కాదు. చలికాలం రాత్రుళ్లు ఆకాశం నిర్మలంగా ఉంటే నేల తొందరగా చల్లబడుతుంది. దాన్ని ఆనుకున్న గాలి చల్లబడి, బరువెక్కి, లోయలోకి జారి, అందులోని తేమ పొగమంచు అవుతుంది. పైనుంచి చూసేవాళ్లకు అదే మేఘాల సముద్రం. పొద్దెక్కి ఎండ తగిలితే కరిగిపోతుంది.

మాకు దారి చూపిన గైడు అక్కడి గిరిజన యువకుడు. తనవాళ్లతో ఒడియా, మాతో తెలుగు. అతను చెప్పిన మొదటి మాట టార్చి గురించి. "లైట్లు కిందికి పెట్టండి సార్, ఎదుటివాళ్ల మొహం మీద వెయ్యొద్దు." చీకటికి కన్ను పూర్తిగా అలవాటు పడాలంటే ఇరవై ముప్పై నిమిషాలు పడుతుంది. ఒక్క ఫోన్ లైటు మొహాన పడితే ఆ అలవాటంతా పోయి మళ్లీ మొదటికొస్తుంది. నా వెలుగు పక్కవాడికి చీకటి కావచ్చని నాకు అంత స్పష్టంగా తెలిసింది అక్కడే.

రెండో మాట ఇంకా గొప్పది. మా గుంపులో బ్యాంకు ఉద్యోగం చేసి రిటైరైన పెద్దావిడ ఉన్నారు. ఆయాసం వస్తుందేమోనని ఆఖర్న నిలబడ్డారు. గైడు ఆమెను పిలిచి తన వెనకే నిలబెట్టుకున్నాడు. "అమ్మా, మీరు ఎలా నడిస్తే అందరం అలాగే నడుద్దాం. కబుర్లు చెప్పుకుంటూ రండి. మాట ఆగిందంటే జోరు ఎక్కువైందన్నట్టే." ఇద్దరు కుర్రాళ్లు దాటిపోబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. "పైన దారి చీలుతుంది అన్నా, ఆగండి." గుంపు చివర అతని స్నేహితుడు నడిచాడు. అతని వెనక ఇంకెవరూ ఉండకూడదన్నది వాళ్ల నియమం.

ఇది మర్యాద కోసం చేసిన ఏర్పాటు అనుకోవద్దు. నెమ్మదిగా నడిచేవాళ్లు చివర ఉంటే ఏం జరుగుతుందో గమనించండి. ముందువాళ్లు వడివడిగా పోయి ఒకచోట కూర్చుంటారు. నీళ్లు తాగుతారు, ఫొటోలు దిగుతారు. చివరి మనిషి రొప్పుతూ అక్కడికి చేరేసరికి "హమ్మయ్య, అందరం వచ్చేశాం, పదండి" అని లేస్తారు. అందరికన్నా విశ్రాంతి అవసరమైన మనిషికే విశ్రాంతి దక్కదు. మరో మలుపుకి ఆ మనిషి ఇంకా వెనకబడతారు, మిగతావాళ్లు ఇంకా విసుక్కుంటారు. మన తరగతి గదుల్లో జరిగేది అచ్చం ఇదే. ముందు బెంచీకి పాఠం అర్థమైందా, అయితే తరవాతి పాఠం. వెనక బెంచీ పిల్లవాడు నిన్నటి లెక్కలోనే ఉంటాడు. వాణ్ని మొద్దు అంటాం. వాడికి ఆగే వ్యవధి ఎవరూ ఇవ్వలేదని మాత్రం అనం. ఈ అన్యాయాన్ని సరిచేయడానికి ఆ గైడు కష్టపడిందేమీ లేదు. ఒక మనిషిని చివర్నుంచి ముందుకు తెచ్చాడు, అంతే. పెద్దావిడ ఎక్కడా కూలబడలేదు. గుంపు ఎక్కడా తెగలేదు. సూర్యుడి కన్నా ముందే అందరం పైన ఉన్నాం.

ముందెవరన్నది పట్టించుకోకుండా జట్టుగా నడవడం కొండలెక్కేవాళ్లలో పాత పద్ధతే. 1953 మే 29న టెన్జింగ్, హిల్లరీ ఎవరెస్టు ఎక్కి దిగాక లోకమంతా అడిగింది ఒకటే ప్రశ్న. మొదట కాలు పెట్టింది ఎవరు? జట్టుగా చేరామని ఇద్దరూ మొదట్లో ఒకే మాట మీద ఉన్నారు. హిల్లరీ ముందు అడుగుపెట్టాడని 1955లో తన ఆత్మకథలో చెప్పింది టెన్జింగే. మన పూర్ణ సంగతి చూడండి. నిజామాబాద్ జిల్లా పాకాల అమ్మాయి, గురుకుల విద్యార్థిని. పదమూడేళ్ల పదకొండు నెలల వయసులో, 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది. ఆమె పేరు చెప్పినప్పుడల్లా భువనగిరి బండ మీద ఓనమాలు దిద్దించిన శేఖర్ బాబును, కూడా ఎక్కిన ఆనంద్ కుమార్‌ను తలుచుకోవాలి. వెనక నడవడం ముందు నేర్చుకున్నారు కాబట్టే ఆ పిల్లలు అంత ఎత్తుకు వెళ్లారు.

వంజంగి మీద తెల్లవారడం గురించి ఎంత చెప్పినా తక్కువే. కాళ్ల కింద తెల్లటి పొగమంచు, అందులోంచి దీవుల్లా పైకి లేచిన కొండ కొనలు. పక్కవాళ్లతో పోటీ పెట్టుకోవడానికి అక్కడ ఏమీ ఉండదు. దిగేటప్పుడు చూడండి, సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీ మొక్కలు, ఆ చెట్లకే అల్లుకున్న మిరియాల తీగలు. ఆ చుట్టుపక్కల నవంబరు, డిసెంబరుల్లో అయితే పచ్చగా వలిసె పూలు. దారి పొడుగునా మనబోటివాళ్లు పారేసిన బిస్కెట్ కవర్లూ నీళ్ల సీసాలూ కనిపిస్తే ఏరి సంచిలో వేసుకోండి. మా గైడు చెప్పకుండానే ఆ పని చేస్తున్నాడు.

వెళ్లాలనుకుంటే స్థానిక గైడునే పెట్టుకోండి, బేరమాడకండి. చివర ఎవరు నడుస్తారో ముందే అడగండి. కాలిగోళ్లు కత్తిరించుకోండి, దిగుడులో బూటుకు కొట్టుకుంటాయి. నెల ముందు నుంచే పొద్దున్నే గుణదల కొండ మెట్లో, మంగళగిరి పానకాల స్వామి మెట్లో ఎక్కండి, భుజాన నీళ్ల సీసాలున్న సంచితో. ఇంట్లోవాళ్లతో వెళ్తుంటే ఒక ఏర్పాటు ఆ సాధన మొదటి రోజే చేసుకోండి. అమ్మో, నాన్నో, మోకాళ్ల నొప్పులున్న అత్తయ్యో, ఎవరిది నెమ్మదైన అడుగైతే వాళ్లను ముందు నడవనివ్వండి. మీరు వాళ్ల వెనక ఉండండి.