మీ నాన్న లెన్సులకు తగిన బాడీ

రాయగడ,
ఆదివారం.

చిట్టీ,

నువ్వు వాట్సాప్‌లో పంపిన నాలుగు కెమెరాల పట్టిక చూశాను. కెనాన్ ఆర్50, సోనీ ఏ6400, నికాన్ జెడ్50, ఫ్యూజీ ఎక్స్-టీ30. కింద ఒకటే ప్రశ్న, ‘వీటిలో ఏ కంపెనీ మంచిది పెదనాన్నా’ అని. ఫోన్లో రెండు ముక్కల్లో చెప్పేస్తే రేపు మీ బ్రాంచిలో ఎవరో ఇంకో మాట అంటారు, నువ్వు మళ్లీ మొదటికొస్తావు. అందుకే కాగితం మీద పెడుతున్నాను. దసమంతపూర్‌లో సాయంత్రాలు తీరికే అన్నావు కాబట్టి కాస్త పొడుగైనా చదువు.

నాలుగూ మంచివే. మాట తప్పించడానికి అనడం లేదు. పగటి వెలుతురులో ఆ నాలుగింటితో తీసిన ఫొటోలను ఏ4 సైజులో ప్రింటు వేసి కలిపేస్తే, ఇన్నేళ్లు స్టూడియో నడిపిన నేనే ఏది దేనిదో చెప్పలేను. మెగాపిక్సెళ్ల గొడవ ఇక్కడితో వదిలెయ్. బాడీకి లెన్సు బిగించే చోట గుండ్రటి లోహపు పట్టీ ఉంటుంది చూడు, మౌంటు అంటారు, నువ్వు కొనేది నిజానికి దాన్ని. బాడీ ఐదారేళ్లకు పాతబడుతుంది. జాగ్రత్తగా ఉంచుకుంటే లెన్సు ముప్ఫై ఏళ్లు పనిచేస్తుంది. ఒక మౌంటులో నాలుగు లెన్సులు చేరాక కంపెనీ మారడమంటే ఇల్లు మారినంత పని.

కంపెనీ పేరు మీద భక్తి మాత్రం పెంచుకోకు. మా రోజుల్లో పెళ్లిళ్లన్నీ యాషికా మీద నడిచాయి. 120 ఫిల్ము, రోలుకు పన్నెండు ఫొటోలు, పన్నెండోది పెళ్లికొడుకు తరఫు పెద్దాయన కోసం దాచుకునేవాళ్లం. ఆ యాషికా పేరు చేతిలో ఉన్న క్యోసెరా 2005లో కెమెరాల పనే మానుకుంది. మరుసటి ఏడాది మినోల్టా వాళ్లు తప్పుకుంటే ఆ పనిని సోనీ అందుకుంది. 2021 జనవరిలో ఒలింపస్ తన కెమెరా విభాగాన్ని వేరే కంపెనీకి అప్పగించేసింది. ఊటీలో ఇందు ఫిల్ము చేసిన హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ సంగతి చెప్పనే అక్కర్లేదు. కంపెనీ బతికున్నా లెన్సు బతుకుతుందన్న హామీ లేదు: 1987లో కెనాన్ తన ఎఫ్‌డీ మౌంటును పక్కన పెట్టి ఈఎఫ్ తెచ్చింది, అప్పటిదాకా ఎఫ్‌డీ లెన్సులు కూడబెట్టుకున్నవాళ్లకు కొత్త బాడీలో చోటు లేకుండా పోయింది. నికాన్ మటుకు 1959లో పెట్టిన ఎఫ్ మౌంటునే డిజిటల్ కాలం దాకా లాక్కొచ్చింది. ఇది నికాన్‌కు పొగడ్త అనుకోకు. మీ ఇంటి బీరువాలో ఏముందో గుర్తు చేయడానికి రాశాను.

మీ నాన్న దగ్గర ఎఫ్ఎం10 ఉంది. నువ్వు కాలేజీలో ఉండగా దాని మీదే నేర్చుకున్నావు. 1995లో కొసీనా వాళ్లు నికాన్ పేరుతో చేసిపెట్టిన చవక మాన్యువల్ కెమెరా అది. మన దేశంలో ఫొటోగ్రఫీ నేర్చుకున్న పిల్లలు ఎంతమంది దాని మీద చేయి తిప్పుకున్నారో! దాంతోపాటు వచ్చిన 35-70 జూమ్ ఉంది, తర్వాత కొన్న 50 ఎంఎం ఎఫ్/1.8డి ఉంది. నువ్వు మళ్లీ మొదలుపెడుతున్నావు గానీ సున్నా నుంచి కాదు. ఈ రెండు లెన్సులూ ఏ బాడీ మీద పూర్తిగా పనిచేస్తాయో చూస్తే నీ పట్టిక దానంతట అదే తగ్గిపోతుంది.

ఇక్కడ కొంచెం ఓపిక పట్టు. ఆ 50 ఎంఎం లెన్సులో మోటారు లేదు. బాడీలోంచి ఒక చిన్న మర పొడుచుకొచ్చి లెన్సును తిప్పి ఫోకస్ చేయాలి. నికాన్ చిన్న డిజిటల్ బాడీల్లో, అంటే డీ3000, డీ5000 వరసల్లో, ఆ మోటారు లేదు. డీ7000 వరసలో ఉంది. పోతే 35-70 పూర్తిగా మాన్యువల్. దాని అపెర్చర్ రింగు ఎక్కడుందో చదవడానికి బాడీ మౌంటు అంచున ఒక చిన్న మీట ఉండాలి, అప్పుడే మీటరు పనిచేస్తుంది. 2015లో వచ్చిన డీ7200లో మోటారూ ఉంది, మీటా ఉంది. 2017లో వచ్చిన డీ7500లో మోటారు ఉంచి మీట తీసేశారు. షాపువాడు ‘ఇది కొత్త మోడల్ మేడమ్’ అంటూ డీ7500 చేతిలో పెడతాడు. తీసుకోకు. సెకండ్ హ్యాండ్ డీ7200 అడుగు. మెనూలో నాన్-సీపీయూ లెన్స్ డేటా అని ఉంటుంది, అందులో 35-70 వివరాలు ఎక్కించుకో. చేత్తో ఫోకస్ చేస్తుంటే వ్యూఫైండర్‌లో ఎడమవైపు కింద ఒక చుక్క వెలుగుతుంది, కుదిరిందని గుర్తు. ఎఫ్ఎం10 మీద నలిగిన నీ వేళ్లకు రెండు రోజుల్లో అలవాటైపోతుంది.

ఒక్క లోటు మాత్రం ఉంది. డీ7200 సెన్సర్ ఫిల్ము కంటే చిన్నది, కాబట్టి 50 ఎంఎం అక్కడ 75లా కనిపిస్తుంది, 35-70 ఏమో 52 నుంచి 105లా. మనుషుల ముఖాలకు బ్రహ్మాండం, కొండలకు చాలదు. అందుకని బాడీతోపాటు 18-140 లెన్సు కూడా తీసుకో. ఆ బాడీకి కిట్టుగా అమ్మిందే కనుక సెకండ్ హ్యాండ్‌లో బోలెడు దొరుకుతుంది.

‘డీ7200 లాంటి డీఎస్ఎల్ఆర్‌ల పని అయిపోయింది కదా’ అని నువ్వు అంటావని తెలుసు. నిజమే. 2020 తర్వాత నికాన్ గానీ కెనాన్ గానీ కొత్త డీఎస్ఎల్ఆర్ తేలేదు. జనం లోపల అద్దం లేని మిర్రర్‌లెస్‌కు మారుతూ పాతవి అమ్ముకుంటున్నారు, కాబట్టే మంచి బాడీలు, లెన్సులు నీ జీతానికి అందుబాటులోకి వచ్చాయి. రేపెప్పుడో జెడ్ బాడీ కొన్నా ఎఫ్‌టీజెడ్ అడాప్టర్‌తో 18-140 మామూలుగా పనిచేస్తుంది, మీ నాన్న లెన్సులను చేత్తో ఫోకస్ చేసుకోవాలి. అంతే తేడా.

బీరువా ఖాళీగా ఉంటే నా సలహా ఇలా ఉండేది కాదు. పాత కెనాన్ ఈఎఫ్ లెన్సులు ఉంటే కళ్లు మూసుకుని ఆర్50, దానికో అడాప్టర్ కొనమనేవాణ్ని, ఆ లెన్సులన్నీ ఆటోఫోకస్‌తో సహా పనిచేస్తాయి. ఏమీ లేకపోతే సోనీ, ఎందుకంటే 2010 నాటి ఆ మౌంటుకు సిగ్మా, టామ్రాన్ లాంటి బయటి కంపెనీల లెన్సులు లెక్కలేనన్ని. ఫ్యూజీ మీద నీకెందుకు మనసు పడిందో కూడా ఊహించగలను, పైన ఎఫ్ఎం10లాగే షట్టర్ స్పీడు చక్రం ఉంది. అందంగానే ఉంటుంది. ఆ చక్రం కోసం మళ్లీ లెన్సులన్నీ కొనుక్కుంటావా?

ఇక నువ్వున్న చోటు సంగతి. కెమెరాలను పోల్చి రాసేవాళ్లకు దసమంతపూర్ తెలియదు. కరెంటు పోతే ఎప్పుడొస్తుందో చెప్పలేని రోజులు నువ్వే చెప్పావు. డీ7200 ఒక్క చార్జింగ్‌కు 1,110 ఫొటోలు తీస్తుందని కంపెనీ లెక్క. నీ పట్టికలోని మిర్రర్‌లెస్‌లు అదే లెక్కన మూడు నాలుగు వందల దగ్గర ఆగిపోతాయి, వాటికి చూడ్డానికి కూడా కరెంటే కావాలి కదా. అద్దంలోంచి చూసేదానికి ఆ ఖర్చు లేదు. డిసెంబరు తెల్లవారుజామున దేవమాలి వైపు వెళ్తే చలికి బ్యాటరీ ఇంకా తొందరగా నీరసపడుతుంది, రెండోదాన్ని స్వెట్టరు లోపలి జేబులో పెట్టుకో.

చలి కంటే పెద్ద శత్రువు వాన. కొరాపుట్ జిల్లాలో ఏడాదికి 1,500 మిల్లీమీటర్ల దాకా కురుస్తుంది, అదీ ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపే. ఆ నాలుగు నెలల్లో బీరువాలో బట్టలే బూజు పడతాయి. లెన్సు గాజు మీద పట్టేదీ ఆ జాతి బూజే, మనవాళ్లు ఫంగస్ అంటారు. తేమ, చీకటి, కదలని గాలి, గాజు మీద కాస్త వేలిజిడ్డు ఉంటే చాలు, సాలెగూడులా అల్లుకుంటుంది. ముదిరితే గాజు పైపూతను తినేస్తుంది, తుడిచినా మచ్చ పోదు. అందరూ గొప్పగా దాచుకునే తోలు కేసు తేమను పీల్చి పట్టుకుంటుంది, కెమెరాను అందులో ఉంచడం మహాపాపం. గట్టిగా మూతపడే ప్లాస్టిక్ డబ్బా తీసుకో, అడుగున సిలికా జెల్ వెయ్యి, ఒక చిన్న తేమ మీటరు పెట్టు. ముల్లు 40, 50 మధ్య ఉండాలి. నీలం గుళికలు గులాబీ రంగుకు తిరిగాయంటే నిండిపోయాయన్నమాట, పాత మూకుడులో సన్న సెగ మీద వేడి చేస్తే మళ్లీ నీలమవుతాయి. ఆ మూకుడు ఇక వంటకు వాడకు. అన్నిటికంటే మంచి మందు వాడకం, వారానికోసారైనా బయటికి తీసి ఫొటోలు తియ్యి. ఎండ తగలనీ, గాలి ఆడనీ.

బాడీ కొనడానికి కొరాపుట్ వచ్చి రైలెక్కితే భువనేశ్వర్ పోవచ్చు, విశాఖ పోవచ్చు. నాకైతే విశాఖే నయం. ఊళ్లో మనవాళ్లున్నారు, తేడా వస్తే మళ్లీ వెళ్లి అడగొచ్చు. (తాతయ్య ఎప్పుడూ అనేవాడు, 1936 ఏప్రిల్‌కు ముందు కొరాపుట్ కూడా విశాఖపట్నం జిల్లాలోదేనని. ఒడిశాలో కలిశాక కూడా ఆయన మందులకూ మాటలకూ అటే పోయేవాడు.) మీ నాన్న 50 ఎంఎం వెంట తీసుకెళ్లు. షాపులోనే బిగించి ఫోకస్ చేయించు, మోటారు గిర్రున తిరగాలి, తడబడితే ఆ బాడీ వద్దు. షట్టర్ కౌంట్ అడుగు, ఆ షట్టర్‌ను 1,50,000 సార్లకు పరీక్షించారు, అందులో సగం లోపు ఉంటే నిశ్చింత. తెల్లటి ఆకాశాన్ని ఎఫ్/16 దగ్గర తీసి పెద్దది చేసి చూడు, నల్ల చుక్కలుంటే సెన్సర్ మీద దుమ్ము. అది శుభ్రం చేయించుకోవచ్చు, గీతలుంటే మాత్రం లేచి వచ్చెయ్. 18-140లోకి ఫోన్ టార్చి వేసి వెనకనుంచి చూస్తే ఫంగస్ దారాలు తెలుస్తాయి. బిల్లు లేనిది తక్కువకు వచ్చినా ముట్టుకోకు.

ఒక్క విషయంలో మిర్రర్‌లెస్‌దే పైచేయి, అది ఒప్పుకోవాలి. చప్పుడు లేకుండా తీయగలదు. డీ7200 టక్‌మని మోగుతుంది, సంతలో తలలు తిరుగుతాయి. నా మట్టుకు అదీ మంచిదే. దొంగచాటుగా తీసే అలవాటు నీకు రాకూడదు. శుక్రవారం కుందులి సంతకు వెళ్లినా, బుధవారం చాటికోన సంతలో డోంగ్రియా కొంధుల దగ్గర నిలబడినా ముందు కెమెరా దించి మాట్లాడు, అక్కడి దేశియా భాషలో నాలుగు ముక్కలు నేర్చుకో. వద్దంటే వద్దు. ఒప్పుకుంటే తీసి, ప్రింటు వేయించి మళ్లీ సంతలో వాళ్ల చేతికివ్వు. డోంగ్రియా శాలువా కప్డాగండకు, మన కాలాజీర బియ్యానికి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. శాలువా మీది సూదిపనికి మీ నాన్న 50 ఎంఎం చాలు, కాలాజీర కోతలకు 18-140 వాడుకో. ఒలిసె పూలు ఎక్కువ రోజులు ఉండవు, కొనడం ఆలస్యమైతే ఎఫ్ఎం10లో ఒక రోలు వేసుకునైనా పో.

కాబట్టి డీ7200, 18-140, అదనపు బ్యాటరీ ఒకటి, ప్లాస్టిక్ డబ్బా. ఏడాది దాకా ఇంకేమీ కొనకు. మిగిలిన డబ్బు ప్రింట్లకూ బస్సు చార్జీలకూ పెట్టు. విశాఖ ఎప్పుడు వెళ్తున్నావో ముందే చెబితే నేనూ రాయగడలో రైలెక్కుతాను.

ఇట్లు,
మీ పెదనాన్న