పదో తరగతి మెమోలో ఉన్నట్టే

రాజమహేంద్రవరం,
దానవాయిపేట.

చిరంజీవి బుజ్జమ్మకు తాతయ్య ఆశీస్సులు.

యూనివర్సిటీ వాళ్ళ వేసవి శిబిరానికి పంపుతానన్న నీ రెజ్యూమేని జిరాక్స్ షాపులో ప్రింటు తీయించి తీరిగ్గా చదివాను. అందులో మన బుజ్జమ్మ ఎక్కడా కనబడలేదు. పైగా నెట్‌లో డబ్బు కట్టి ఏవో సర్టిఫికెట్లు తెప్పించుకున్నావట, మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఆ మాట విన్న దగ్గర్నుంచీ నా మనసు మనసులో లేదు. ఎదురుగా కూర్చున్నవాళ్ళు "ఈ కోర్సులో ఏం నేర్చుకున్నావమ్మా?" అని ఒక్క ప్రశ్న వేస్తే ఏం చెబుతావు? నువ్వు నలుగురిలో తల దించుకోవడం నేను తట్టుకోలేను తల్లీ. అవి తీసెయ్.

ముందు పేరు సంగతి. మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంది. ఆధార్‌లో పొడి అక్షరమే ఉంది. రెజ్యూమేలో ఇంటిపేరే లేదు, పేరు చివర మాత్రం ఒక అక్షరం ఎక్కువ చేరింది. కలిసొస్తుందని ఎవరైనా చెప్పారా? కాలేజీ ఆఫీసులో నా ఉద్యోగమంతా ఈ అక్షరాలతోనే గడిచింది. రాజోలు వైపు కుర్రాడొకడు గల్ఫ్ ప్రయాణానికి అన్నీ సిద్ధం చేసుకున్నాక పాస్‌పోర్టులో ఒక స్పెల్లింగు, సర్టిఫికెట్‌లో ఇంకొకటి అని తేలింది. వాళ్ళమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని మా కౌంటర్ దగ్గర నిలబడిన తీరు ఇంకా నా కళ్ళకు కట్టినట్టుంది. అఫిడవిట్లూ అవీ అయ్యేసరికి వీసా గడువు దాటిపోయింది. పేరే కాదు, తేదీ సంగతీ అంతే. మా తరంలో చాలామందికి పుట్టినరోజు జూలై 1. బళ్ళో వేసేటప్పుడు మేష్టారు రాసేసిన తేదీ అది. ఉద్యోగం, రిటైర్మెంటు, పింఛను అన్నీ దాని మీదే నడిచాయి. కాబట్టి మెమోలో పేరు ఎలా ఉందో, మధ్యలో ఖాళీతో సహా, అలాగే రాయి. ఈమెయిల్ కూడా ఆ పేరుతోనే కొత్తది తెరువు. ఇది చాదస్తం అనుకోకు.

ఒక్క పేజీ చాలు. నేను టైప్ లోయర్ పాసై హయ్యర్‌కి కడుతున్న రోజుల్లో మా ఇన్‌స్టిట్యూట్ మేష్టారు, దరఖాస్తు రెండో కాగితంలోకి వెళ్తే చించేసేవారు. చించిన రోజు సాయంత్రం తప్పకుండా రోజ్‌మిల్క్ తాగించేవారు, మహానుభావుడు. పెళ్ళి సంబంధాలకు పంపే బయోడేటాలోలాగా కులం, ఎత్తు రాయక్కర్లేదు. అడిగితే తప్ప ఫొటో కూడా వద్దు.

లీడర్‌షిప్, టీమ్‌వర్క్ అని వరసగా పేర్చావు. కడియపులంకలో మీ నాన్న నర్సరీ ఊసే లేదేం? పదో తరగతి పరీక్షలయ్యాక వేసవంతా లోడు చీటీలు రాసిందెవరు? మహారాష్ట్ర నుంచి మొక్కలకి వచ్చినవాళ్ళతో హిందీలో బేరమాడిందెవరు? అంటు మామిడి కవర్లకి రకం, తేదీ రాసి చీటీలు కట్టేదానివి. తడికి ఇంకు కరిగిపోతోందని పెన్సిల్‌తో రాయడం మొదలుపెట్టింది నువ్వే కదూ! ఇప్పుడు అక్కడ పనివాళ్ళంతా అలాగే రాస్తున్నారని మీ నాన్న చెబుతుంటే నా కళ్ళు చెమర్చాయి. అదీ రాయాల్సింది. ఏ నెల నుంచి ఏ నెల వరకు, ఏ పని, నీ వల్ల ఏం మారింది అన్నది రెండు లైన్లలో చెప్పు.

నర్సరీ పని రాస్తే చిన్నచూపు చూస్తారని నీ భయమేమో. 1895లో భీమవరంలో పుట్టి మన రాజమండ్రిలో చదువుకున్న యల్లాప్రగడ సుబ్బారావుగారు మెట్రిక్యులేషన్ మూడోసారికి గాని గట్టెక్కలేదు. బోస్టన్ వెళ్ళి హార్వర్డ్‌లో చదువుకుంటూ, పూట గడవడానికి ఆసుపత్రిలో రాత్రిళ్ళు రోగుల మలమూత్రాల పాత్రలు ఎత్తారు. 1925లో తోటి శాస్త్రవేత్త ఫిస్కేతో కలిసి ఫాస్ఫరస్‌ని కొలిచే పద్ధతి కనిపెట్టిందీ ఆయనే. దాన్ని ఫిస్కే-సుబ్బారావు పద్ధతి అనే అంటారు. ఆ రాత్రి ఉద్యోగం గురించి చెప్పకుండా ఆయన కథ ఎవరూ చెప్పరు.

"డిజాస్టర్ మేనేజ్‌మెంట్" అని ఇంకొకటి రాశావు. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర గోదావరి 17.75 అడుగులు దాటి మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చాక, మీ స్కూలు పిల్లలతో కలిసి లంకల వాళ్ళకి పులిహోర పొట్లాలు కట్టావు. అప్పుడు నీది ఎనిమిదో తరగతి. ఉన్నది ఉన్నట్టు అంతే రాయి, అదేమీ తక్కువ పని కాదు.

చివర్లో నీ గురించి చెప్పగలిగే ఇద్దరి పేర్లు వెయ్యి. నేనూ మీ నాన్నా పనికిరాం. మీ బాటనీ మేడమ్‌ని అడుగు. ఆవిడ సరేనన్నాకే ఫోన్ నంబరు రాయి.

హాస్టల్లో పెరుగన్నం మానేశావని విన్నాను. దగ్గు తగ్గిందా? అమ్మమ్మ ఆత్రేయపురం పూతరేకులు తెప్పించింది, బస్సు పార్సిల్‌లో వేస్తాను. ఆదివారం పొద్దున్నే ఫోన్ చెయ్యి. సాయంత్రమైతే ఆవిడ గుడికి వెళ్ళిపోతుంది, నీ గొంతు వినలేదని రాత్రంతా బెంగపడుతుంది.

మీ తాతయ్య